వెలిసిపోయిన పెళ్లి ఫొటో వెనుక లెక్కలు

1970లలో, 80లలో రంగుల ఫొటోలు తీయించుకున్న ఇళ్లలో పాత ఆల్బమ్ తెరిస్తే ఇప్పుడు దాదాపు ప్రతి పేజీ ఒకే రంగులో కనిపిస్తుంది. నల్లని జుట్టు ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. తెల్లని మధుపర్కాలు బొప్పాయి గుజ్జులా ఉంటాయి. పందిట్లో కట్టిన మామిడాకుల పచ్చదనం ఎటు పోయిందో తెలియదు. అదే ఇంట్లో అంతకు ఇరవై, ముప్పై ఏళ్ల ముందు తీసిన నలుపు తెలుపు ఫొటో మాత్రం గోడ మీద పటంలో నిక్షేపంగా ఉంటుంది.

ఈ తేడాకు కారణం రసాయనం. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మను నిలబెట్టేవి వెండి రేణువులు. రంగుల ఫొటోలో ఉండేవి సేంద్రియ రంగులు. కాగితం మీద మూడు పొరలుగా సయాన్, మెజెంటా, పసుపు రంగులు ఏర్పడతాయి. సయాన్ ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని పీల్చుకుంటాయి. ఆనాటి చాలా రకాల కాగితాల్లో సయాన్ బలహీనమైనది. వెలుతురు తగలకుండా ఇనప్పెట్టెలో దాచినా సరే, కాలం గడిచేకొద్దీ విచ్ఛిన్నమవుతుంది. వేడి, తేమ ఆ పనిని వేగిరం చేస్తాయి కాబట్టి మన వేసవులు, వానాకాలపు ఉక్కపోత దానికి మేలు చేసేవి కావు. దీనికి తోడు కాగితంలో మిగిలిపోయిన రసాయనాలు పసుపు పచ్చగా మారతాయి. అంటే ఫొటోకు ఎరుపు రంగు కొత్తగా వచ్చి చేరలేదు. ఎరుపును ఆపే రంగు పోయింది, అంతే.

ఈ ఒక్క విషయం అర్థమైతే ఆ ఫొటోను బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. పేరు గింప్.

విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై...

1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో చదువుతున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని రాయడం మొదలుపెట్టారు. 1996లో తొలి రూపం అందరికీ అందుబాటులోకి వచ్చింది. లైనక్స్‌కు గుర్తుగా అందరికీ తెలిసిన టక్స్ అనే పెంగ్విన్ బొమ్మను లారీ యూయింగ్ అదే ఏడాది ఈ సాఫ్ట్‌వేర్‌తోనే గీశారు. బటన్లు, మెనూలు తెర మీద చూపించడానికి అప్పట్లో మోటిఫ్ అనే వాణిజ్య పరికరాల సముదాయాన్ని వాడాల్సి వచ్చేది. అది నచ్చక మాటిస్ సొంతంగా మరొకటి రాసుకున్నారు. దాని పేరు జీటీకే. ఫొటోల కోసం రాసుకున్న ఆ పనిముట్టు మీదే తర్వాత గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మొత్తం నిలబడింది, ఎన్నో లైనక్స్ కంప్యూటర్లలో నేటికీ నడుస్తోంది. గింప్ తన ఫైళ్లను ఎక్స్‌సీఎఫ్ అనే పొడిగింపుతో దాస్తుంది. ఆ మూడు అక్షరాలు ఆ విద్యార్థులు పనిచేసిన బర్క్‌లీ కంప్యూటర్ బృందం పేరులోవి.

దీనికి ఐదేళ్ల ముందే, 1990లో, ఫొటోషాప్ మార్కెట్లోకి వచ్చింది. మన ఊళ్లలోని డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలలో ఈ పనికి అదే పేరు స్థిరపడిపోయింది. వాటిలో కొన్న ప్రతులెన్ని, కాపీ చేసుకున్నవెన్ని అని ఎవరూ అడగరు. గింప్‌తో ఆ ఇబ్బంది లేదు. దాన్ని ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, పక్కవారికి ఇవ్వవచ్చు, లోపలి ప్రోగ్రామును చదవవచ్చు, మార్చవచ్చు. లైసెన్సే ఆ హక్కులు ఇస్తుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. 2025 మార్చిలో 3.0 రూపం విడుదలైంది.

ఉచితం అన్నది ఇందులో సగం మాటే. పనిముట్టు లోపల ఏ లెక్క జరుగుతోందో దాచిపెట్టకపోవడం మిగతా సగం. ఫొటో దిద్దడాన్ని ఒక విద్యగా నేర్చుకోవాలనుకునేవారికి ఈ రెండో సగమే ఎక్కువ పనికొస్తుంది.

స్కానర్ మీద పెట్టేముందు

ఉదాహరణకు 1982లో తీసిన ఒక పెళ్లి ఫొటో ఉందనుకుందాం. కొలత మూడున్నర అంగుళాలకు ఐదు అంగుళాలు. మధ్యలో ఒక మడత. అక్కడక్కడా బూజు చుక్కలు. వధువు ముఖం మీదుగా సన్నని గీత.

మొదటి జాగ్రత్త ఫొటోను ఆల్బమ్ నుంచి పీకకపోవడం. జిగురు పేజీలకు, పటం అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను బలవంతంగా లాగితే బొమ్మ ఉన్న పొరే ఊడి వస్తుంది. అలాంటప్పుడు పేజీతో సహా, అద్దంతో సహా స్కాన్ చేయడమే నయం. స్కానర్ అందుబాటులో లేకపోతే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీసినా చాలావరకు పని జరుగుతుంది. స్కానర్ ఉంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన చేయడం మంచిది. అప్పుడు వచ్చే బొమ్మ 2,100 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల పొడవు ఉంటుంది. మొత్తం 63 లక్షల చుక్కలు. వీటినే పిక్సెళ్లు అంటారు.

ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు మూడు అంకెలు ఉంటాయి. సాధారణంగా ఒక్కోటి 0 నుంచి 255 దాకా. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. మూడు కాంతులతో అన్ని రంగులనూ చూపించవచ్చన్నది 1861లోనే జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ లండన్‌లో చేసి చూపిన సంగతి. మూడు రంగుల ద్రావణాల గుండా విడివిడిగా తీసిన ఫొటోలను ఒకదాని మీద ఒకటి పడేలా తెర మీద వేసి ఆయన ఒక రంగుల రిబ్బన్‌ను చూపించారు. గింప్‌లో 'ఛానెల్స్' అనే చోట కనిపించే మూడు నలుపు తెలుపు బొమ్మలు సరిగ్గా ఆ మూడు పలకలే.

స్కాన్ పూర్తయ్యాక పెళ్లి ఫొటో అంటే కోటి 89 లక్షల అంకెల పట్టిక. ఇక దిద్దడమంటే ఆ అంకెలను మార్చడమే.

హిస్టోగ్రామ్ చెప్పే కథ

గింప్‌లో 'కలర్స్' మెనూ తెరిచి 'లెవెల్స్' నొక్కితే ఒక గుట్టలాంటి బొమ్మ కనిపిస్తుంది. అదే హిస్టోగ్రామ్. ఎడమ చివర 0, కుడి చివర 255. ఏ విలువ ఉన్న పిక్సెళ్లు ఎక్కువగా ఉంటే అక్కడ గుట్ట అంత ఎత్తు. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని దాటేసి నేరుగా స్లైడర్ల మీద పడతారు. చాలామంది దారి తప్పేది ఇక్కడే.

మూడు రంగుల హిస్టోగ్రామ్‌లను విడివిడిగా చూస్తే వెలిసిపోయిన ఫొటో రోగం ఏమిటో బయటపడుతుంది. ఆకుపచ్చ, నీలం గుట్టలు కాస్తో కూస్తో పరుచుకుని ఉంటాయి. ఎరుపు గుట్ట మాత్రం కుడివైపుకు నెట్టేసినట్టు ఇరుకుగా ఉంటుంది. మన ఉదాహరణలో అది 110 దగ్గర మొదలై 235 దగ్గర ఆగిపోయిందనుకుందాం. జుట్టు, కోటు, పందిరి నీడ లాంటి నల్లని చోట్ల కూడా ఎరుపు 110కి తగ్గడం లేదు. ఎందుకంటే అక్కడ ఎరుపును పీల్చుకోవలసిన సయాన్ ఇప్పుడు కాగితంలో లేదు.

లెవెల్స్‌లో ఎరుపు ఛానెల్ ఎంచుకుని, నలుపు కొసను 110కి, తెలుపు కొసను 235కి జరిపితే గింప్ ప్రతి పిక్సెల్ మీదా ఒకే చిన్న లెక్క చేస్తుంది. పాత విలువ నుంచి 110 తీసేసి, 125తో భాగించి, 255తో హెచ్చవేస్తుంది. 110 ఉన్న చోట 0 వస్తుంది. 235 ఉన్న చోట 255. 150 ఉన్న చోట 82. ఎనిమిదో తరగతి లెక్క. కానీ తెర మీద జుట్టు ఒక్కసారిగా నల్లబడుతుంది, మామిడాకులు పచ్చబడతాయి. నలభై ఏళ్లుగా ఎరుపు కింద దాగిన మండపం బయటికి వస్తుంది. మొదటిసారి చూసినవారికి ఇది గారడీలాగే ఉంటుంది.

గారడీ కాదని మళ్లీ హిస్టోగ్రామే చెబుతుంది. ఆ మార్పు చేశాక ఇంకోసారి తెరిస్తే ఎరుపు గుట్ట దువ్వెన పళ్లలా మారి ఉంటుంది. మధ్య మధ్యలో ఖాళీలు. 110 నుంచి 235 వరకు ఉన్నవి 126 మెట్లే. వాటిని 256 మెట్ల మేర సాగదీస్తే మధ్యలో కొత్త మెట్లు పుట్టవు. నున్నని గోడ మీద, ఆకాశం మీద చారలు చారలుగా కనిపించేది అందుకే. ఉన్నదాన్ని పరిచి చూపించగలం గానీ లేని సమాచారాన్ని గుణకారంతో తెచ్చిపెట్టలేం.

దీనికి ఒక విరుగుడు ఉంది, అది స్కాన్ చేసేటప్పుడే ఆలోచించాలి. చాలా స్కానర్లు ఒక్కో రంగును 8 బిట్లకు బదులు 16 బిట్లతో నమోదు చేయగలవు. అంటే 256 మెట్లకు బదులు 65,536. మన ఎరుపు ఇరుకులో కూడా అప్పుడు 32 వేలకు పైగా మెట్లు ఉంటాయి, ఎంత సాగదీసినా పళ్లు కనిపించవు. 2018లో వచ్చిన 2.10 రూపం దాకా గింప్‌కు ఈ సామర్థ్యం లేదు. వృత్తి ఫొటోగ్రాఫర్లు దాన్ని చిన్నచూపు చూడడానికి అదొక ముఖ్య కారణం, న్యాయమైనదే. ఇప్పుడు 16, 32 బిట్ల లెక్కలు కూడా చేయగలదు. అయితే 16 బిట్ల స్కాన్‌ను టిఫ్ గానో పీఎన్‌జీ గానో దాచుకోవాలి. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 8 బిట్లే పడతాయి.

మరొక చిక్కు కొందరిని చాలాకాలం వేధిస్తుంది. 0కి 255కి మధ్యలో ఉన్న 128 సగం వెలుగు కాదు. సాధారణ బొమ్మల్లో 128 అంటే తెలుపు వెలుగులో దాదాపు 22 శాతమే. నిజంగా సగం వెలుగు కావాలంటే ఆ అంకె 188 దగ్గర ఉంటుంది. మన కన్ను చీకటి ఛాయల్లో చిన్న తేడాలను కూడా పట్టేస్తుంది, వెలుగు ఛాయల్లో అంతగా పట్టించుకోదు. అందుకని ఉన్న అంకెల్లో ఎక్కువ వాటా చీకటి వైపుకు కేటాయించారు. లెవెల్స్ మధ్యలో ఉండే మూడో స్లైడర్, కర్వ్స్‌లో వంచే గీత, రెండూ ఈ పంపకాన్ని సర్దేవే.

పసుపును తెలుపు అనుకునే యంత్రం

ఇంత కష్టం ఎందుకు, 'ఆటో' బటన్ ఉందిగా అనిపించవచ్చు. ఉంది. గింప్‌లోని ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్ ప్రతి ఛానెల్‌లోనూ రెండు చివర్ల 0.05 శాతం పిక్సెళ్లను వదిలేసి, మిగిలినవాటిని 0 నుంచి 255 దాకా సాగదీస్తుంది. పైన చేత్తో చేసిన పనే అది. చాలా ఫొటోలకు బాగానే కుదురుతుంది కూడా.

కానీ దాని వెనుక ఒక ఊహ ఉంది. బొమ్మలో అన్నిటికన్నా వెలుగైనది తెలుపే అయి ఉంటుందని, అన్నిటికన్నా చీకటైనది నలుపేనని అది అనుకుంటుంది. తెలుగు పెళ్లి మండపంలో ఆ ఊహ నిలబడదు. అంచులకు పసుపు రాసిన మధుపర్కాలు, తలంబ్రాల రాశి, పసుపు పూసిన కాళ్లు, బంతిపూల దండలు. ఫొటోలోని వెలుగు భాగమంతా పసుపే. యంత్రం దాన్ని కాగితం పాతబడి వచ్చిన మరక అనుకుని నీలాన్ని పెంచేస్తుంది. తలంబ్రాలు ఉత్త బియ్యమైపోతాయి.

అందుకే లెవెల్స్‌లో నలుపు, బూడిద, తెలుపు బిందువులను ఎంచుకునే మూడు చిన్న పనిముట్లు ఇచ్చారు. తెలుపు ఎక్కడుందో మనిషే చూపించాలి. కోర తెలుపు మధుపర్కం మీద నొక్కితే అది మల్లెపువ్వులా మారి అసలు చాయ పోతుంది. స్టీలు గిన్నె మీది మెరుపు, పురోహితుడి వీభూతి, ఫొటో చుట్టూ ఉన్న తెల్ల అంచు లాంటివి ఇంకా నమ్మదగినవి. తెల్ల అంచు కూడా పాతబడి పచ్చబడి ఉంటుంది కాబట్టి మరకను కొలవడానికి అది మరీ మంచిది.

ఇక చీర రంగు. మూడు ఛానెళ్లూ సరిచేశాక అది ముదురు ఆకుపచ్చగా కనిపించవచ్చు, కాస్త అటూ ఇటూ జరిపితే నెమలికంఠం రంగులోకి వెళ్లవచ్చు. ఏది నిజమో హిస్టోగ్రామ్‌కు తెలియదు. సయాన్ పోయిన చోట ఎంత పోయిందో కాగితమూ చెప్పదు. ఆ చీర కట్టుకున్నావిడ ఇంట్లోనే ఉంటే అడగడం అన్నిటికన్నా కచ్చితమైన పద్ధతి. చీర ముక్క ఏదైనా బొంతలో కుట్టుబడి మిగిలి ఉంటే ఇంకా మంచిది.

ముక్కుపుడక, బూజు చుక్క

రంగుల తర్వాత మచ్చలు. దుమ్ము, బూజు చేసిన తెల్లని చుక్కలను పోగొట్టడానికి 'డెస్పెకిల్' అనే ఫిల్టర్ ఉంది. దీనికి ఆధారం మధ్యగతం. ఒక పిక్సెల్, దాని చుట్టూ ఉన్న ఎనిమిది పిక్సెళ్ల విలువలు 92, 95, 90, 94, 255, 93, 91, 96, 94 అనుకుందాం. ఆ 255 దుమ్ము చుక్క. సగటు తీస్తే 111 వస్తుంది, అంటే చుక్క చెరిగిపోకుండా చుట్టూ మసకగా పరుచుకుంటుంది. వరుసలో పేర్చి మధ్యదాన్ని తీసుకుంటే 94 వస్తుంది, చుక్క ఆనవాలు లేకుండా పోతుంది. బడిలో సగటు, మధ్యగతం, బాహుళకం అని బట్టీ పట్టిన పాఠానికి ఇంత అందమైన ఉపయోగం ఉందని ఆ పుస్తకాల్లో ఎక్కడా చెప్పరు.

అయితే వధువు ముక్కుపుడక మీది మెరుపు కూడా చుట్టూ ముదురు చాయ మధ్య ఒక తెల్లని చుక్కే. మధ్యగతానికి రెండూ ఒకటే. ఫిల్టర్‌ను ఫొటో మొత్తం మీద నడిపితే బూజుతోపాటు ముక్కుపుడక, కళ్లలోని వెలుగు బిందువు, చెవి దుద్దుల రాళ్లు కూడా పోతాయి. ముఖం నునుపుగా, నిర్జీవంగా తయారవుతుంది. దీనికి మందు లేయర్ మాస్క్. ఫొటోకు నకలు పొర ఒకటి తీసి దాని మీద ఫిల్టర్ వేస్తారు. ఆ పొర మీద నల్లని మాస్క్ వేస్తే అది కనబడకుండా పోతుంది. మాస్క్ మీద తెల్ల రంగుతో పూసిన చోట మాత్రమే ఫిల్టర్ ఫలితం బయటికి వస్తుంది. గోడ మీద, తెర మీద తెల్లగా పూసుకుంటూ పోయి, ముఖాల దగ్గర కుంచె ఆపేస్తే సరి.

గింప్ నేర్చుకునేవారు ఇంకేం మరచిపోయినా ఈ మాస్క్‌ను మరవకూడదు. రబ్బరుతో చెరిపితే చెరిపింది పోతుంది. మాస్క్‌తో దాచితే కింద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, రేపు మనసు మారితే మళ్లీ తెరవవచ్చు. 3.0 రూపంలో ఫిల్టర్లు కూడా ఇలాగే, అసలు పిక్సెళ్లను ముట్టుకోకుండా పొర మీద అమర్చి, తర్వాత మార్చుకునేలా వచ్చాయి.

మడత గీత దగ్గర మరో రెండు పనిముట్లు అవసరమవుతాయి. 'క్లోన్' ఒక చోటి పిక్సెళ్లను తెచ్చి మరో చోట అతికిస్తుంది. 'హీల్' అలా తెచ్చినదాన్ని అతికించే చోటి రంగుకు, వెలుగుకు తగ్గట్టు సర్దుతుంది. నేత ఒక చోటిది, చాయ మరో చోటిది అన్నమాట. షామియానా గుడ్డ మీద, నేల మీద మడతను ఇలా పూడిస్తే ఎవరూ గుర్తుపట్టలేరు.

ముఖం మీద గీత

వధువు ముఖం మీద వెళ్లిన గీత ఎడమ కంటిని తాకిందనుకుందాం. కుడి కంటిని నకలు తీసి, అద్దంలోలా తిప్పి అక్కడ అతికించడం గింప్‌లో ఐదు నిమిషాల పని. చూడడానికి బాగానే ఉంటుంది. కానీ ఎవరి రెండు కళ్లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ ఫొటో చూసి పెరిగిన కూతురికి ఏదో తేడా కొడుతుంది. అదేమిటో చెప్పలేదు. అమ్మ ముఖం ఇలా ఉండేది కాదేమో అంటుంది.

షామియానాను పూడ్చినప్పుడు లేని గుడ్డను అల్లినట్టే, ఇక్కడ లేని కన్నును అల్లడం జరిగింది. లెక్క ఒకటే, పర్యవసానం వేరు. ఒకే నొక్కుతో ముఖాన్ని తేటగా చేసి ఇచ్చే కృత్రిమ మేధ అప్లికేషన్లు ఈ రోజుల్లో చాలా ఉన్నాయి. అవి లక్షలాది ముఖాలు చూసి నేర్చుకున్నవి. మసకగా ఉన్న చోట సాధారణంగా ముఖాలు ఎలా ఉంటాయో అలా పూరిస్తాయి. కంటి రెప్ప వెంట్రుకలు సైతం స్పష్టంగా వస్తాయి, కానీ అవి ఆవిడవి కావు. ఎక్కడి వరకు కాగితంలో ఉన్నది, ఎక్కడి నుంచి ఊహించినది అన్న గీత ఆ బొమ్మలో కనిపించదు. చేత్తో, పొరలు పొరలుగా చేసినప్పుడు ఆ గీత ఎక్కడుందో చేసినవారికి తెలుస్తుంది. పాత స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో 'టచింగ్' చేసినవారికి కూడా అది తెలుసు. మొటిమ తీసేయడం వేరు, ముక్కు మార్చడం వేరు.

ఇంటి ఫొటోల్లో ఇది మనసుకు సంబంధించిన మాట. విజ్ఞానశాస్త్రంలో నిజానికి సంబంధించినది. సూక్ష్మదర్శినితో తీసిన కణాల చిత్రాలను, ప్రొటీన్ పరీక్షల పట్టీలను పరిశోధకులు ఇవే పనిముట్లతో దిద్దుతారు. డిజిటల్ చిత్రాలు మామూలైపోయాక 2004లో 'జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ'లో మైక్ రోస్‌నర్, కెన్నెత్ యమడా దీనికి ఒక హద్దు గీశారు. వెలుగు, కాంట్రాస్ట్ లాంటివి బొమ్మ మొత్తానికి ఒకేలా, సమాచారం మరుగున పడకుండా మారిస్తే ఒప్పు. బొమ్మలో ఒక వివరాన్ని మాత్రం పెంచడం, మరుగుపరచడం, జరపడం, తీసేయడం, చేర్చడం తప్పు. మన మాటల్లో చెప్పాలంటే లెవెల్స్ పరవాలేదు, క్లోన్ కుదరదు.

ఆ హద్దు దాటుతున్నవారు తక్కువేమీ కాదని తర్వాత తేలింది. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 40 పత్రికల్లో వచ్చిన 20,621 పరిశోధన పత్రాల్లోని చిత్రాలను కంటితో పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. 3.8 శాతం పత్రాల్లో అనుమానాస్పదమైన చిత్రాలు కనిపించాయి. ఒకే బొమ్మను రెండు వేర్వేరు ప్రయోగాల ఫలితంగా చూపడం, తిప్పి వాడడం, ఒక భాగాన్ని నకలు చేయడం వంటివి. అన్నీ కావాలని చేసినవి కాకపోవచ్చు, కానీ కనీసం సగం ఉద్దేశపూర్వకంగా కనిపిస్తున్నాయని వారు అభిప్రాయపడ్డారు. ప్రయోగశాలల్లో ఈ పనికి ఎక్కువగా వాడే ఇమేజ్‌జే కూడా ఎవరైనా ఉచితంగా తీసుకుని లోపలి ప్రోగ్రామును చదవగలిగేదే. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో వేన్ రాస్‌బాండ్ రూపొందించారు. గింప్‌లో హిస్టోగ్రామ్ చదవడం వచ్చిన డిగ్రీ విద్యార్థికి అది కొత్తగా అనిపించదు.

దాచుకోవడం

పని మధ్యలో ఉన్న బొమ్మను ఎక్స్‌సీఎఫ్‌గానే దాచాలి. పొరలు, మాస్కులు అందులోనే నిలుస్తాయి. కొత్తవారు చేసే అతి సాధారణమైన తప్పు జేపెగ్‌గా దాచి, మర్నాడు దాన్నే తెరిచి, కాస్త దిద్ది, మళ్లీ జేపెగ్‌గా దాచడం. జేపెగ్ ప్రతిసారీ కొంత సమాచారాన్ని వదిలేస్తుంది.

అది చేసే పని తెలుసుకోదగినది. బొమ్మను 8 పిక్సెళ్లకు 8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ప్రతి గడిలోని 64 అంకెలను 64 అలల కలయికగా మారుస్తుంది. గడి మొత్తానికి ఉన్న సగటు వెలుగు ఒక అల, నెమ్మదిగా మారే ఛాయలు కొన్ని, సన్నని గీతలు, నూలు పోగుల్లాంటివి మిగిలినవి. కన్ను అంతగా పట్టించుకోని సన్నని అలలను మోటుగా గుండుసున్నా చేసి, మిగిలినవాటిని కుదించి రాస్తుంది. పట్టుచీర అంచు దగ్గర కనిపించే గళ్లు గళ్ల మసక ఆ కోతల ఆనవాలే. ఈ మార్పిడి పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1974 జనవరిలో దాన్ని ప్రచురించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. అహ్మద్ బెంగళూరులో పుట్టినవారు. కామిసెట్టి రామమోహన్ రావు మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి అమెరికా వెళ్లి, టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆర్లింగ్టన్‌లో బోధించినవారు. ప్రపంచంలో ఏ మూల ఎవరు ఫోన్‌తో జేపెగ్ ఫొటో తీసి పంపినా ఆ లెక్క ఒకసారి జరుగుతుంది.

చివర్లో ఫొటో కింద పేర్లు, ఊరు, తేదీ రాయాలనుకుంటారు. గింప్ యూనికోడ్‌ను అర్థం చేసుకుంటుంది కాబట్టి రామభద్ర, మండలి వంటి ఉచిత తెలుగు ఫాంట్లతో ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే కుదురుతాయి. లక్ష్మి లక్ష్మిగానే ఉంటుంది. ఫ్లెక్సీల మీద విరిగిపోయిన ఒత్తులు చూసి విసిగినవారికి ఇది చిన్న సంగతి కాదు. ఇబ్బంది ప్రెస్సుకు వెళ్లినప్పుడు వస్తుంది. ముద్రణకు వాడే నాలుగు రంగుల సీఎంవైకే పద్ధతిలో నేరుగా దిద్దే సౌకర్యం గింప్‌లో ఇంకా లేదు. 3.0లో ఆ రంగులు ఎలా పడతాయో ముందుగా చూసుకుని, కొన్ని ఫైలు రకాలుగా ఎగుమతి చేసే వీలు మాత్రం ఉంది. ఇంట్లో ఆల్బమ్‌కు, స్టూడియోలో ప్రింటుకు ఇది అడ్డు కాదు. పుస్తకం అచ్చు వేసేవారికి అడ్డే.

ఇదంతా నేర్చుకోవడానికి కోచింగ్ సెంటర్ అవసరం లేదు. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య నేతృత్వంలో నడిచిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో గింప్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. జర్మనీలోని బ్రెమెన్ నుంచి రాల్ఫ్ స్టైనోర్ట్ చేసిన 'మీట్ ద గింప్' వీడియోల ఆధారంగా వాటిని రూపొందించారు. ఒక్కో పాఠం పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ. తెరలో సగం పాఠం, సగం గింప్ పెట్టుకుని, ఆపుతూ తాను కూడా చేస్తూ నేర్చుకోవాలన్నది ఆ ప్రాజెక్టు పద్ధతి. దాని పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి కూడా తెస్తున్నారు. కొన్ని పాఠాలు పాత రూపాల మీద చేసినవి కాబట్టి తెర మీద బటన్లు అక్కడే ఉండకపోవచ్చు. లెవెల్స్ చేసే లెక్క మాత్రం మారలేదు.

మన పెళ్లి ఫొటో పని ముగిసేసరికి మూడు ఫైళ్లు మిగులుతాయి. అసలు స్కాన్, వెలిసిన రంగుతో సహా, ఎవరూ ముట్టుకోకుండా. పొరలన్నీ ఉన్న ఎక్స్‌సీఎఫ్. ప్రింటుకు పంపే జేపెగ్. ఆ ప్రింటులో షామియానా మడత కనిపించదు, తలంబ్రాలు పసుపు రంగులోనే ఉంటాయి, ముక్కుపుడక మెరుస్తుంది. వధువు ఎడమ కంటి మీదుగా వెళ్లిన సన్నని గీత అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్న చాయకు దగ్గరగా కాస్త మెత్తబడి.